పొద్దుతిరుగుడు విత్తనము – దాని చుట్టరికములు

(క్యాంప్ 1లో తెలుగు ఉద్యోగుల కుటుంబముల సమావేశమున చేయబడిన ఉపన్యాసము)



ఉక్కు ఊరిలో పువ్వును గూర్చిన ప్రసంగమేల అని కొందరికి తోచవచ్చును. భిలాయిలో నలుగురు కూడినచోట మాటలన్నియు ఫర్నేసులను గూర్చి, పట్టాలను గూర్చి, షిఫ్టులను గూర్చి నడచును. అయినను ఈ ఊరికిని పొద్దుతిరుగుడు పువ్వునకును ఒక పాత సంబంధము కలదు. 1955లో నాటి సోవియట్ దేశముతో కుదిరిన ఒడంబడిక ఫలముగా ఇచ్చట ఉక్కు కర్మాగారము వెలసినది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. తరువాత పదేండ్లకు, 1969లో, ఆ దేశమునుండియే మరియొక వస్తువు భారతదేశమునకు వచ్చినది. అది యంత్రము కాదు, విత్తనము. పొద్దుతిరుగుడు ఈ దేశమున నూనెగింజల పంటగా సాగు కెక్కినది ఆ విత్తనముతోనే.

రెండు దేశముల స్నేహమునకు గుర్తుగా 1972లో నెలకొల్పబడిన మైత్రీబాగ్‌నకు సెలవు దినములందు పిల్లలను తీసికొని పోవు కుటుంబములు ఈ సభలో పెక్కు ఉండును. ఆ స్నేహమునకు రెండవ గుర్తు ఆ కుటుంబముల వంటగదులలోనే ఉన్నది. అది నూనె డబ్బా.

కర్మాగారములో పనిచేయువారికి ఒక సంగతి బాగుగా తెలియును. రాజహర గనులనుండి ఇనుపరాయి, నందిని గనులనుండి సున్నపురాయి రావలయును. ముడి ఇనుము పెళుసు. దానితో రైలు పట్టా తయారు కాదు. దానిలోని మలినములు పోవలయును, మాంగనీసు వంటివి తగు పాళ్ళలో కలియవలయును. అప్పుడే అది బండి బరువును మోయును. పంట విత్తనము సంగతియు అట్టిదే. దిగుబడి ఒక వంశమునుండి, నూనె ఒక వంశమునుండి, తెగుళ్ళను తట్టుకొను శక్తి మరియొక వంశమునుండి వచ్చి కలిసినగాని అది రైతు బరువును మోయజాలదు. అయితే ఉక్కునకును విత్తనమునకును ఒక భేదము కలదు. విరిగిన పట్టాను మరల కరిగించి క్రొత్త ఉక్కుగా పోయవచ్చును. నశించిన విత్తన వంశమును ఏ కొలిమిలోను మరల పోయుటకు వీలులేదు. నేటి ప్రసంగమున చెప్పదలచిన విషయ మిదియే.

పొద్దుతిరుగుడునకు పుట్టినిల్లు రష్యా యని పలువు రనుకొందురు. అది మెట్టినిల్లు మాత్రమే. పుట్టినిల్లు ఉత్తర అమెరికా. అచ్చటి ఆదిమ జాతులవారు నాలుగు వేల ఏండ్లకు పూర్వమే దీనిని సాగుచేసి, గింజలను దంచి పిండిగా వాడుకొనిరి. 16వ శతాబ్దమున స్పెయిన్ దేశీయులు దీనిని ఐరోపాకు కొనిపోయిరి. అచ్చట చాలకాలము ఇది తోటలకు అలంకారముగానే ఉండెను. 18వ శతాబ్దమున రష్యా చేరి, 19వ శతాబ్దపు పూర్వార్ధమున అచ్చటి పల్లెలలో గానుగ కెక్కెను.

తెలుగువారు దీనికి పెట్టిన పేరు ముచ్చటైనది. కాని పొద్దుతిరుగుడు జీవితాంతము ప్రొద్దు వెంట తిరుగదు. మొగ్గగా నున్నంతవరకే సూర్యుని వెంబడించును. పువ్వు పూర్తిగా విచ్చిన పిమ్మట తూర్పు ముఖముగా నిలిచిపోవును.

రష్యాలో క్రాస్నొదార్ నగరమున వి. ఎస్. పుస్తవోయిట్ (1886–1972) అను శాస్త్రజ్ఞుడు తన జీవితమంతయు ఈ యొక్క పంటకే వినియోగించెను. ఆయన పద్ధతి సామాన్య గృహస్థునకు సైతము బోధపడునట్టిది. ఒక్కొక్క మంచి పువ్వు గింజలను రెండు పాళ్ళు చేసి, ఒక పాలు దాచి ఉంచెడివాడు. రెండవ పాలును నాటి దాని గుణములను పరీక్షించెడివాడు. ఏ పువ్వు సంతతి శ్రేష్ఠమని తేలినదో, ఆ పువ్వు యొక్క దాచిన గింజలను తరువాత ఒకచోట నాటి, వానిలో వానికి పుప్పొడి కలియనిచ్చెడివాడు. ఏటికేడు ఇట్లు సాగించిన శ్రమవలన, గింజ బరువులో మూడవ వంతుగా నున్న నూనె సగమునకు మించినది. ఆ కృషి ఫలములలో పెరెడొవిక్ అను రకము మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది.

1969లో భారతదేశమునకు వచ్చిన రకములలో ఈ పెరెడొవిక్ ఒకటి. పరదేశపు విత్తనములకు ప్రభుత్వమువా రొసగు వరుస సంఖ్యలలో దానికి ఈసీ 68414 అను సంఖ్య వచ్చినది. ఈసీ 68415 అను సంఖ్యతో ఆర్మవీర్ రకము వచ్చినది. ఇట్టి కొలదిపాటి రకములతోనే సాగు మొదలైనది. వంటనూనెకు కరవుగా నున్న రోజులవి. తొంబది, నూరు దినములలో చేతికి వచ్చుట, ఖరీఫ్ రబీ భేదము లేక ఏ కారులోనైనను పండుట, లోతుకు వేరు దన్ని నల్లరేగడిలోని చెమ్మను అందుకొనుట – ఈ గుణములను జూచి రైతులు ఆదరించిరి. కర్నూలు, అనంతపురము, కడప, ప్రకాశము, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట పొలములు పసుపు బట్ట పరచినట్లయ్యెను.

కాని ఆ సాగునకు పునాది మిక్కిలి ఇరుకైనది. ఒక వంశమువారైన నలుగు రన్నదమ్ములు వచ్చి ఒక ఊరు కట్టినట్లుండెను. వారి బలము ఊరి కంతటికి బలమే. వారి బలహీనతయు ఊరి కంతటికి బలహీనతయే. పువ్వు నడుమ తాలుగింజలు ఎక్కువగా నుండెడివి. తేనెటీగలు తక్కువైన ఏడు గింజ సరిగా కట్టెడిది కాదు. ఒకే చేనిలో మొక్కలు ఎగుడు దిగుడుగా నుండి కోతకు ఒకేసారి వచ్చెడివి కావు. దీనికి విరుగుడు సంకర విత్తనము, అనగా హైబ్రిడ్.

హైబ్రిడ్ తయారగుటకు రెండు వేరువేరు వంశముల కలయిక కావలయును. పొద్దుతిరుగుడు పువ్వుగా కంటికి కనిపించునది నిజమునకు ఒక పువ్వు కాదు. వందలకొలది చిన్న పువ్వుల గుంపు. నడుమనున్న ప్రతి చిన్న పువ్వులోను పుప్పొడియు గింజయు రెండును కలవు. వాని నన్నిటిని విప్పి చేతితో పుప్పొడి తీసివేయుట ఎకరముల కొలది పొలమున సాధ్యమా? పుప్పొడి లేని తల్లి మొక్క దొరకిననే పని జరుగును. విరివిగా వాడుటకు అనువైన అట్టి తల్లి సాగు రకములలో దొరకలేదు. ఫ్రాన్సు దేశమున లెక్లెర్క్ అను శాస్త్రజ్ఞుడు పెటియొలారిస్ అను ఒక అడవి జాతి పొద్దుతిరుగుడును సాగు రకముతో సంకరపరచగా, ఆ సంతతిలో పుప్పొడి లేని మొక్కలు వచ్చినవి. ఆయన ఈ సంగతిని లోకమునకు తెలిపినది కూడ 1969లోనే. తల్లికి లేని పుప్పొడిని బిడ్డకు మరల కలిగించు తండ్రి వంశమును మరుసటి ఏట అమెరికాలో కిన్మన్ అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. ఆ రెండును కలిసిన పిమ్మట ప్రపంచమున హైబ్రిడ్ పొద్దుతిరుగుడు యుగము ఆరంభమైనది. భారతదేశపు మొదటి హైబ్రిడ్ బీఎస్‌హెచ్-1, 1980లో బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమునుండి వెలువడినది.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపదగినది కలదు. పెటియొలారిస్ అనునది ఎవరును సాగుచేయని మొక్క. ఇసుక నేలలలో, బాటల ప్రక్కల తనంత తాను మొలచు కలుపు. దానికి పెద్ద పువ్వు లేదు, బలిసిన గింజ లేదు, నూనె కొరకు దాని ముఖము చూచువారు లేరు. లోకమందలి హైబ్రిడ్ పొద్దుతిరుగుడు వ్యవసాయమంతయు ఆ కలుపుమొక్క ఇచ్చిన గుణముపై నిలిచి యున్నది. ఏ పుట్టలో ఏ పామున్నదో అని పెద్దలు భయమునకు చెప్పిన సామెతను, ఇచ్చట ఆశకు చెప్పుకొనవచ్చును.

పొద్దుతిరుగుడు చుట్టములు ఇట్టివి సుమారు 50 జాతులు కలవు. కొన్ని ఏడాది బ్రతుకువి, ఎక్కువ భాగము ఏండ్ల తరబడి వేరుతో నిలుచునవి. ఎడారి అంచున బ్రతుకునవి, ఉప్పునేలలో బ్రతుకునవి, చిత్తడిలో బ్రతుకునవి కలవు. పంటకు ఆపద వచ్చినప్పు డెల్ల ఆదుకొన్నవి ఈ చుట్టములే.

ఇనుమునకు త్రుప్పు పట్టునట్లు పొద్దుతిరుగుడు ఆకునకు త్రుప్పు తెగులు అనునది పట్టును. అది ఒక శిలీంధ్రము. కెనడా దేశమున ఈ తెగులు పంటను దెబ్బతీయగా, 1950లలో పట్, సాక్స్‌టన్ అను శాస్త్రజ్ఞులు దానిని తట్టుకొను గుణమును టెక్సాస్ ప్రాంతపు అడవి పొద్దుతిరుగుడు రక్తము గల మొక్కలయందు కనుగొనిరి. రష్యాలో పుస్తవోయిట్ గారి కుమార్తె గలీనా పుస్తవోయిట్, నేలలో దుంపలూరు ట్యూబరోసస్ అను అడవి జాతిని సాగు రకముతో కలిపి, బూజు తెగులును, త్రుప్పు తెగులును తట్టుకొను వంశములను సాధించెను. పొగాకు తోటలలో తెలుగు రైతులు ‘మల్లె’ అని పిలుచు వేరు పరాన్నజీవికి దాయాది యొకటి పొద్దుతిరుగుడును పట్టి పీడించును. దానిని ఎదుర్కొను శక్తియు ఆ సంతతులలో లభించెను. 1996లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఏడేండ్లు వరుసగా కలుపుమందు చల్లిన సోయాచిక్కుడు చేనిలో, ఆ మందునకు చావక నిలిచిన అడవి పొద్దుతిరుగుడు మొక్కలు కనబడినవి. చేనికి అది పీడయే. కాని ఆ గుణమును సాగు రకములలోనికి తెచ్చుటతో, మందునకు పంట చావక కలుపు మాత్రమే చచ్చు రకములు వచ్చినవి.

చుట్టరికము తెగినచో ఏమగునో కూడ చెప్పుకొనవలసి యున్నది. 1970లో అమెరికాలో మొక్కజొన్నకు ఆకుమాడు తెగులు వచ్చి దేశపు పంటలో ఆరింట ఒక వంతునకు సమీపముగా నాశనమైనది. కారణ మేమి? విత్తనపు కంపెనీలు వేరైనను, పేర్లు వేరైనను, ఆ హైబ్రిడ్‌లలో అధిక భాగమునకు తల్లి వంశ మొక్కటే. ఒక్కదానికి పడని శిలీంధ్రము అన్నిటికిని పడలేదు. పొద్దుతిరుగుడు నేడు అట్టి స్థితిలోనే ఉన్నది. లోకములోని హైబ్రిడ్‌లు దాదాపు అన్నియు లెక్లెర్క్ కనుగొన్న ఆ యొక్క తల్లి వంశమునకు చెందినవే. ఇంతవరకు దానికి అట్టి ఆపద రాలేదు. రాదని పూచీ పడగలవారు లేరు. అందువలననే శాస్త్రజ్ఞులు ఇతర అడవి జాతులనుండి వేరు తల్లి వంశములను వెదకి సిద్ధము చేయుచున్నారు.

భారతదేశమున ఈ పంట ఎక్కిన మెట్లును, దిగిన మెట్లును చూడుడు. 1993–94లో సుమారు 26 లక్షల హెక్టారులలో పొద్దుతిరుగుడు సాగైనది. 2020–21 నాటికి అది 3 లక్షల హెక్టారులకు లోబడినది. ఈ పతనమునకు తెగు ళ్ళొక్కటియే కారణమని చెప్పుట న్యాయము కాదు. చౌకగా దిగుమతియైన నూనె, నిలకడలేని ధర, పిట్టల బెడద, నీరున్నచోట ఇతర పంటల ఆకర్షణ – ఇవన్నియు కలవు. కాని తెగుళ్ళ పాలు తక్కువది కాదు. 1980ల నడుమ మహారాష్ట్రమున లాతూరు ప్రాంతమున బూజు తెగులు కనబడినది. 1997లో కర్ణాటకమున బాగేపల్లి ప్రాంతమున, అనగా అనంతపురము జిల్లా పొలిమేరలోనే, నెక్రోసిస్ తెగులు పొడసూపినది. ఆకులు మాడి, మొక్క మెలితిరిగి, పువ్వు విచ్చక ఎండిపోవును. అది పొగాకును పట్టు ఒక వైరస్ వలన కలుగునని తేలినది. రోడ్ల ప్రక్కల వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ దాగియుండును. తామర పురుగులు దానిని చేనిలోనికి చేర్చును. 2000లో ఆ వైరస్సే అనంతపురము జిల్లాలో సుమారు 2 లక్షల 25 వేల హెక్టారుల వేరుశనగను పట్టి, మూడు వందల కోట్ల రూపాయలకు మించిన నష్టము కలిగించినది. చేని చుట్టును జొన్న గాని సజ్జ గాని ముందుగా మూడు నాలుగు వరుసలు వేయుట, వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేయుట, విత్తనమునకు మందు పట్టించుట – ఇవి రైతునకు నేడు చెప్పు ఉపాయములు. ఇవి గోడ కట్టుటవంటివి. వంశములోనే బలము కలుగుట వేరు. ఆ బలమును వెదకవలసినది అడవి చుట్టములలోను, దేశదేశముల పాత రకములలోను.

పొలమునకు సంబంధించిన ఈ మాట వంటగదికి ఎంత దగ్గరో 2022లో అందరును చూచిరి. రష్యా, యుక్రెయిన్ దేశముల నడుమ యుద్ధము మొదలైనంతనే సన్‌ఫ్లవర్ నూనె ధర పెరిగి, గృహిణులు పాకెట్టు ధరను రెండుమార్లు చూచుకొనవలసి వచ్చినది. ఈ దేశము తన పొద్దుతిరుగుడు నూనెలో అత్యధిక భాగమును ఆ దేశములనుండియే తెప్పించుకొనుచుండుట దానికి కారణము. ఇంటి పంట నిలబడియుండినచో ఆ దెబ్బ ఇంత గట్టిగా తగిలెడిది కాదు.

ఇక విత్తన వంశములను కాపాడుట ఎట్లు? ప్రపంచమందు అడవి పొద్దుతిరుగుడు సేకరణలో పెద్దది అమెరికాలోని అయోవా రాష్ట్రమున ఏమ్స్ పట్టణమున ఉన్నది. సుమారు 5 వేల నమూనాలలో సగము వరకు అడవి జాతులవే. భారతదేశమున ఢిల్లీలోని జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ బీజనిధిలో అన్ని పంటలును కలిసి 4 లక్షలకు మించిన నమూనాలు భద్రపరచబడినవి. పొద్దుతిరుగుడు, ఆముదము, కుసుమ వంటి పంటల పరిశోధనకు హైదరాబాదున రాజేంద్రనగరములో 1977లో నూనెగింజల పరిశోధన సంచాలనాలయము ఏర్పడినది. నేడు దానినే భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ యందురు. పొద్దుతిరుగుడు సాగు వంశములు, అడవి జాతులు అచ్చట పెంచి పరీక్షింపబడుచున్నవి.

బీజనిధి యనగా ఇనుప బీరువాలో గింజలు పోసి తాళము వేయుట కాదు. గింజలోని చెమ్మను మెల్లగా తీసివేసి, గాలి చొరని సంచులలో కట్టి, సున్నకు 18 డిగ్రీలు తక్కువైన చలిలో ఉంచవలయును. నూనెగల గింజ వరి గోధుమలంత కాలము నిలువదు. కావున కొన్ని ఏండ్ల కొకసారి కొన్ని గింజలు తీసి మొలకెత్తించి చూడవలయును. మొలక తగ్గినచో ఆ వంశమును మరల పొలమున నాటి క్రొత్త విత్తనము తీయవలయును. పొద్దుతిరుగుడు విషయమున అసలు చిక్కు ఇచ్చటనే కలదు. తేనెటీగ ఈ పువ్వునుండి ఆ పువ్వునకు పుప్పొడి మోయును. దానికి ఏ వంశము ఏదో తెలియదు. విడిచిపెట్టినచో ఒక్క పంటతో నూరు వంశములు కలగాపులగ మగును. అందువలన ప్రతి పువ్వునకు విచ్చుటకు ముందే గుడ్డ సంచి తొడిగి, ఉదయమున ఆ సంచి విప్పి, ఆ వంశపు మొక్కల పుప్పొడినే చేతితో రాచి, మరల సంచి కట్టవలయును. పూత యున్నన్ని రోజులును ఇట్లు చేయవలయును. ఎండలో వంగి ఈ పని చేయువారు శాస్త్రజ్ఞులు మాత్రమే కారు. దినకూలీ స్త్రీలు, క్షేత్ర సహాయకులు. ఒక చీటీ తారుమారైనచో, ఒక సంచి ఊడిపోయినచో, ఒక వంశము కల్తీ యగును. ఉద్యోగములో జాగరూకత అనగా ఏమో తెలిసిన ఈ సభకు దాని విలువ వేరుగా చెప్ప నక్కరలేదు.

ఉద్యోగ ధర్మమును గూర్చి మాట వచ్చినది కావున లెనిన్‌గ్రాడ్ నగరపు కథ ఒకటి ఇచ్చట చెప్పదగియున్నది. అచ్చట నికొలాయ్ వవిలోవ్ అను మహాశాస్త్రజ్ఞుడు లోకమంతయు తిరిగి పంట విత్తనములను సేకరించి గొప్ప బీజనిధిని నెలకొల్పెను. ఆ మహనీయుడు పాలకుల ఆగ్రహమునకు గురియై 1943లో కారాగారమున మరణించెను. రెండవ ప్రపంచ యుద్ధమున 1941నుండి 1944వరకు జర్మను సేనలు ఆ నగరమును ముట్టడించెను. లక్షల జనము ఆకలితో మరణించిరి. బీజనిధి ఉద్యోగులు మాత్రము ఆ గింజలకు కాపలా కాచిరి. చుట్టును బియ్యము, గోధుమలు, వేరుశనగ గింజలు మూటలుగా నుండగా, వానిని నోట వేసికొనక వారిలో పలువురు ఆకలిచే ప్రాణములు విడిచిరి. వరి నిపుణుడు ద్మిత్రి ఇవానొవ్, వేరుశనగ నిపుణుడు అలెగ్జాండర్ ష్చూకిన్ అట్లు మరణించినవారే. వారు సేనానులు కారు, సన్న్యాసులు కారు. నెల జీతముపై పనిచేయు ఉద్యోగులు. తమ చేతిలోనున్నది తమ సొత్తు కాదని, రాబోవు తరముల సొత్తని ఎరిగినవారు.

కాని దాచుట సగము పని మాత్రమే. తాళపత్ర గ్రంథమును పట్టుగుడ్డలో చుట్టి అటుక మీద పెట్టి ఎవరును విప్పి చదువకున్నచో దానివలన ఫలమేమి? బీజనిధిలోని నమూనాలలో శాస్త్రజ్ఞులు విప్పి చదివినవి కొన్ని మాత్రమే. ఏది ఎండకు తాళును, ఏది ఏ తెగులునకు లొంగదు, దేని నూనె ఎక్కువకాలము చెడకుండును – ఇవి పరీక్షించి వ్రాసి ఉంచిననే బీజనిధి విత్తన శాస్త్రజ్ఞునకు ఉపయోగపడును.

అడవి చుట్టమును ఇంటికి తెచ్చుట అంత సులభమును కాదు. సాగు రకముతో కలిపినప్పుడు కోరిన గుణ మొకటి వచ్చును. కోరని గుణములు పది వచ్చును. మొక్క కొమ్మలు వేయును, పువ్వు చిన్నదగును, గింజ సన్నదై పండినంతనే రాలిపోవును. కొన్ని జాతులతో కలియిక కుదిరినను పిండము గింజలోనే చచ్చును. దానిని బయటకు తీసి గాజు గొట్టములో ప్రయోగశాలయందు పెంచవలసి వచ్చును. వచ్చిన సంతతిని మరల మరల సాగు రకముతో కలుపుచు, అవలక్షణములను తొలగించుచు, కోరిన గుణము జారిపోకుండ ప్రతి తరమున పరీక్షించుచు పోవలయును. ఒక్క గుణమును తెచ్చుటకు పదేండ్లు పట్టుట వింత కాదు. లాభము త్వరగా కోరు వ్యాపారి దీనికి సాధారణముగా పూనుకొనడు. ఇది ప్రభుత్వ సంస్థలు ఓపికతో చేయవలసిన పని. ఒకరు మొదలుపెట్టిన సంతతిని వారు పదవీ విరమణ చేసిన పిమ్మట మరియొకరు అందుకొనవలయును. నడుమ ఒక్క ఏడు పని ఆగినను అంతకు ముందటి ఏండ్ల శ్రమ నష్టమగును.

పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత ఉన్నది. విత్తన సంపద అనగానే అమెరికా, రష్యా అనుట ఆ సామెతను నిజము చేయుటయే. భిలాయినుండి రైలులో గంట లోపల చేరదగిన రాయపూర్‌లో వరికి అట్టి బీజనిధి కలదు. కటకములోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు సంచాలకులుగా పనిచేసిన డాక్టర్ ఆర్. హెచ్. రిచారియా (1909–1996), 1970లలో రాయపూర్‌నందు ఉండి, ఛత్తీస్‌గఢ్ పల్లెపల్లెను గాలించి వేలకొలది దేశవాళీ వరి రకములను సేకరించిరి. సువాసన గలవి, నీటముంపునకు నిలుచునవి, అరువది దినములకే పండునవి అందు కలవు. నేడు అచ్చటి ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయమున 23 వేలకు మించిన వరి నమూనాలు ఉన్నవి. 2002లో ఆ సంపద వినియోగమునకై ఒక బహుళజాతి విత్తన సంస్థతో ఒప్పందము జరుగనున్నదని తెలియగా, ఈ ప్రాంతపు రైతులు, ప్రజాసంఘములు అభ్యంతరము తెలిపిరి. ఆ ప్రయత్నము విరమింపబడినది. విత్తనమును దాచుట ఎంత ముఖ్యమో, దానిని వాడుకొను అధికార మెవరిదో, లాభ మెవరికి చెందవలయునో తేల్చుకొనుటయు అంత ముఖ్యమని ఆ సంఘటన తెలుపుచున్నది.

పొద్దుతిరుగుడు వచ్చి అర్ధశతాబ్దము మాత్రమే దాటినది. అంతకు ముందు తెలుగునాట నూనెగింజలు లేకపోలేదు. నువ్వులు, ఆముదములు, కుసుమలు, వేరుశనగలు గానుగల కెక్కుచుండెడివి. అరకు కొండలలో పసుపుపచ్చని పూతతో కన్నులపండువుగా నుండు వలిసెలు పొద్దుతిరుగుడు కుటుంబమునకే చెందిన మొక్కలు. బస్తరు కొండలలోను వలిసెలు సాగగును. ఆ సాగు ఏటికేడు తగ్గుచున్నది. ఒక పల్లె వలిసెలు వేయుట మానినచో, వేరొక పల్లెలో అవి ఉన్నవికదా యని ఊరుకొనుట తగదు. రెండు పల్లెల గింజలు చూపునకు ఒకటిగానే ఉండును. గుణమునకు ఒకటి కాకపోవచ్చును.

క్యాంప్ 1లోను, ఇతర సెక్టారులలోను నివసించు తెలుగు కుటుంబములలో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి వచ్చినవారు పెక్కురు. సంక్రాంతికో, పెండ్లికో స్వగ్రామము పోవువారు పెద్దవారిని ఒక ప్రశ్న అడిగి చూడవలయును: ఇంటి పొలములో నాడు వేసిన చోడి ఏది, గంటె ఏది, నువ్వు ఏది, వాని గింజ ఇంకను ఎవరి యింటనైన ఉన్నదా? విత్తనమును బూడిదతో కలిపి, ఎండిన సొరకాయ బుర్రలో పోసి, వేపాకు వేసి ఉట్టిమీద దాచిన అమ్మమ్మలు, నాయనమ్మలు ప్రతి వంశమున ఉండిరి. బీజనిధి అను మాట వారికి తెలియదు. కాని ఏ గింజ ఏ చేనికి, ఏ వానకు, ఏ వంటకు అని వారికి తెలిసినంత నేటివారికి తెలియదు. ఆ గింజ పిడికెడు దొరకినను సమీపమునగల వ్యవసాయ పరిశోధన స్థానమునకో, కృషి విజ్ఞాన కేంద్రమునకో అందజేసి, అది ఏ ఊరిది, ఏ నేలది, ఎవరు సాగుచేసిరి అను వివరములు వ్రాసి యిచ్చుట ఉత్తమము. వివరము లేని గింజ చిరునామా లేని ఉత్తరమువంటిది.

2001లో వచ్చిన వృక్ష రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము రైతు కొన్ని హక్కులను స్పష్టముగా ఇచ్చినది. తన పొలమున పండిన విత్తనమును దాచుకొనుటకు, నాటుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, కంపెనీ ముద్ర వేయక అమ్ముకొనుటకు అతనికి హక్కు కలదు. తరతరములుగా కాపాడిన రకమును తన పేర నమోదు చేయించుకొనుటకును హక్కు కలదు. అయితే ఒక హెచ్చరిక: హైబ్రిడ్ పంటనుండి తీసిన గింజను మరల విత్తుట తగదు. రెండవ తరమున గుణములు చెదరిపోవును. దాచుకొనదగినవి పాత రకములే.

ముగించుటకు ముందు మొదటి మాటనే మరల చెప్పవలసి యున్నది. భిలాయి కర్మాగారమున ఒక ఫర్నేసు చల్లారినచో మరల వెలిగించు నేర్పరులు ఇచ్చట కలరు. యంత్రము విరిగినచో నమూనా చిత్రము చూచి మరియొకటి చేయవచ్చును. విత్తన వంశమునకు నమూనా చిత్రము ఆ విత్తనములోనే ఉన్నది. అది పోయినచో చిత్రమును యంత్రమును రెండును కలిసి పోయినవి. కావున దానిని దాచువారు కావలయును, చదివి వాడుకొనువారు కావలయును. దాని విలువ తెలిసిన సామాన్య కుటుంబములు అంతకంటెను ఎక్కువగా కావలయును. ప్రభుత్వము ధనమిచ్చి బీజనిధి కట్టగలదు. పాత గింజ పారవేయకుండ ఆపగలది ఇంటిలోనివారే.